నల్లగింజ తీసిన పిల్ల

బస్సు ఆగగానే రిబ్కా ఒళ్ళోని కాగితాల కట్టను రెండు చేతులా అదిమి పట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. చర్ల నుంచి భద్రాచలం పోయే దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపడం ఎవరికీ కొత్త కాదు. కోళ్ళ గంపలవాళ్ళు, ఇప్పపూల మూటలవాళ్ళు అడగకముందే మూట విప్పి చూపిస్తారు, మళ్ళీ కట్టుకుంటారు, బస్సు పోతుంది. దాచుకుంటున్నట్టు కనిపించే మూట ఒక్కటి ఉంటే చాలు, అందరి చూపూ దాని మీదే పడుతుంది.

"ఏందమ్మా గది?" అన్నాడు కానిస్టేబుల్ రామ్‌సింగ్, తుపాకీని వీపు మీదికి నెట్టుకుంటూ.

"పరీక్ష పేపర్లు సార్. మా మిషన్ బడి పిల్లలు రాసినయి. ఖమ్మం తీస్కపోతున్న."

"ఇప్పుర్రి, సూద్దాం."

"సీల్ ఏసినం సార్. ఇప్పితే చెల్లవు."

ఇది మొదటిదానికంటే పెద్ద పొరపాటు. సీలు అన్న మాట వింటే ఏ పోలీసుకైనా చేతులు దురద పెడతాయి. రామ్‌సింగ్ చెడ్డవాడేం కాదు. కానీ ఈమధ్యే ఇదే రోడ్డు మీద కల్వర్టు పేలింది, అడవిలోకి రోడ్డు వేస్తున్న పొక్లెయిన్ తగలబడింది. పైవాళ్ళతో తిట్లు తిని తిని క్యాంపులో అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. అతను కట్ట లాక్కుని దిగి, టెంటు ముందు బల్ల వేసుకుని కూర్చున్న ఎస్సై చేతికిచ్చాడు.

రిబ్కా వెనక సీటు వైపు చూసింది. తనతో ఖమ్మం బయల్దేరిన పదో తరగతి పిల్లలు ముగ్గురూ అక్కడ ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న నాగలక్ష్మి మొహం అప్పటికే పాలిపోయింది. ఆ కట్టలో ఏముందో బస్సు మొత్తం మీద తెలిసింది వీళ్ళిద్దరికే.

ఏముందో చెప్పాలంటే ముందు ఆ పరీక్ష సంగతి చెప్పాలి. అడవి ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో చదువుకునే ఆడపిల్లలకు మిషన్ వాళ్ళు ఏటా ఇంగ్లీషు పరీక్ష పెడతారు. నెగ్గిన పిల్లకు పాల్వంచలో ఇంటర్ సీటు, ఉండడానికి చోటు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. ఓడితే తిరిగి గూడేనికి పోయి తునికాకు కోసుకోవడమే. బట్టీ పట్టిన పిల్లలు గట్టెక్కకుండా ప్రశ్నలు రెండే ఉంటాయి. ఎప్పుడూ చూడని పద్యం ఇచ్చి అందులో ఏముందో చెప్పమంటారు. ఒక విషయం ఇచ్చి ఎదుటివాడు ఒప్పుకునేలా ఉత్తరం రాయమంటారు. ప్రశ్నలు తయారుచేసి ఒకసారి దిద్దేది బడి టీచరే. తర్వాత పేపర్లూ, బాగా రాసిన పిల్లలూ ఖమ్మం పోవాలి. అక్కడ ఇంకొకరు దిద్ది, పిల్లలను మాట్లాడించి చూస్తారు.

పద్యం రిబ్కా తనే రాసింది. గైడుల్లో ఉన్న పద్యాలన్నీ పిల్లలు ఎప్పుడో నమిలి మింగేశారు మరి. ఉత్తరానికి విషయం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. ఆ ఎండాకాలం, రెండు వేల ఏడులో, చర్ల చుట్టుపక్కల నలుగురు కలిస్తే మాట్లాడుకునేది రోడ్డు గురించే. మీ ఊరికి రోడ్డు కావాలని కానీ వద్దని కానీ కలెక్టరును ఒప్పించండి, అని ఇచ్చింది.

ఎవరికి ఇష్టమైన వైపు వాళ్ళు రాస్తే అది మనసులో మాట అవుతుంది తప్ప పరీక్ష కాదని రిబ్కా పట్టుదల. అందుకని ఆమె దగ్గర ఒక గుడ్డ సంచి ఉంటుంది. దాని నిండా చింతగింజలు. సగం గింజలను బండ మీద తెల్లగా అరగదీసింది, సగం అలాగే వదిలేసింది. పిల్లలు కళ్ళు మూసుకుని ఒక్కో గింజ తీస్తారు. తెల్లది వస్తే కావాలని రాయాలి, నల్లది వస్తే వద్దని రాయాలి. నీ మనసులో ఏముందో నాకు అక్కర్లేదు, నీ చేతిలో ఏ గింజ ఉందో ఆ వైపు వాదించు, అంటుంది. రాసినవాళ్ళు పేపరు మీద పేరు కూడా పెట్టకూడదు, నంబరే.

పిల్లలు రాశారు. దిద్దుతుంటే రిబ్కాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీషులో రాసిన ఉత్తరం సెలవు చీటీ ఒక్కటే. కాబట్టి అందరూ దాన్నే రోడ్డుకు తొడిగారు. రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ నో రోడ్, ప్లీజ్ గ్రాంట్ మీ వన్ రోడ్. నల్లగింజ వచ్చినవాళ్ళు రోడ్డుతో సఫర్ అయ్యారు, తెల్లగింజ వచ్చినవాళ్ళు రోడ్డు లేక సఫర్ అయ్యారు. జ్వరం స్థానంలో రోడ్డు వచ్చి కూర్చుంది, అంతే తేడా.

ఒక్క పేపరు అలా లేదు. అది నాగలక్ష్మిది. నల్లగింజ.

ఆ పిల్ల వాగవతలి గూడెంలో పెరిగింది. ఎదుటివాణ్ణి ఒప్పించే రాత అంటే ఆమెకు తెలిసింది వేరే. ఆ దారుల్లో చెట్టు చెట్టుకూ ఏదో ఒక కాగితం అంటించి ఉంటుంది. కొన్ని అడవిలో తిరిగే అన్నలు అంటించినవి, కొన్ని పోలీసులు అంటించినవి. బడికి పోతూ వస్తూ అన్నీ చదువుకుంది. అందుకే ఆమె ఉత్తరంలో సెలవు చీటీ వాసనే లేదు. పైన పిలుపు, కింద డిమాండ్లు, చివర 'ఇట్లు, అడవి ప్రజల కమిటీ'. అలాంటి కమిటీ ఏదీ లేదు. కాగితం కింద ఏదో ఒక కమిటీ లేకపోతే కలెక్టరు చదవడని ఆ పిల్ల నమ్మకం.

రాత్రి దాన్ని దిద్దినప్పుడు రిబ్కా ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత ఒళ్ళు చల్లబడింది. తీసేద్దామా అనుకుంది. తీసేస్తే పిల్ల పరీక్ష పోతుంది. పైగా ఇన్నేళ్ళ తన కొలువులో చేతికి వచ్చిన మొదటి నిజమైన ఉత్తరం అది. మధ్యలో పెట్టి సీలు వేసింది.

* * *

ఎస్సై గణేష్ కోస్తా నుంచి వచ్చినవాడు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, లెక్చరర్ ఉద్యోగం దొరక్క ఈ టోపీ పెట్టుకున్నాడు. వేరే ఎస్సై అయితే ఇంగ్లీషు రాత చూసి ఆవులించి కట్ట వెనక్కి ఇచ్చేవాడేమో. ఇతను చదవడం మొదలుపెట్టాడు. బస్సు కిటికీలోంచి రిబ్కాకు అతని నవ్వు వినిపించింది. సెలవు చీటీలు చదువుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"టీచరుగారూ, మీరొకసారి దిగండి."

రిబ్కా దిగింది. ఎండ నెత్తి మీద నిలబడి ఉంది. టెంటు పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద టీ గిన్నె ఉంది. రామ్‌సింగ్ దాని కింద పుల్లలు ఎగదోస్తున్నాడు.

"ఇది ఎవరు రాశారండి?"

"మా పిల్లనే సార్. పరీక్ష గది."

"వినండి." అతను ఒక్కో వాక్యం తెలుగులోకి తిప్పుతూ చదివాడు. "'మీ రోడ్డు మీద ముందు లారీ వస్తుంది. లారీలో మా వెదురు పోతుంది. తర్వాత జీపు వస్తుంది. జీపులో మా ఊరి మగపిల్లలు పోతారు. చివరికి బస్సు వస్తుంది. అప్పటికి ఎక్కడానికి ఎవరూ మిగలరు.'" తలెత్తాడు. "ఈ ఎర్ర ఇంకు ఎవరిది?"

"నాదే సార్."

"జీపు దగ్గర 'వెరీ గుడ్' అని రాసి కింద రెండు గీతలు గీశారు."

వాక్యాల అమరికకు రాశాను సార్, చిన్నదాని నుంచి పెద్దదానికి పోయింది చూడండి, అని రిబ్కా చెప్పబోయింది. ఆ టెంటు ముందు, ఆ తుపాకుల మధ్య, ఆ మాట తనకే పిచ్చిగా వినిపించి ఆగిపోయింది.

"కింద కమిటీ పేరు కూడా ఉంది. మొన్న కాలిపోయిన పొక్లెయిన్ దగ్గర దొరికిన కాగితం కూడా ఇలాగే ఉంది. పిలుపు, డిమాండ్లు, కమిటీ."

"సార్, గది ఉత్తుత్త కమిటీ. మిగతా పేపర్లు సూడుర్రి. సగం మంది రోడ్డు కావాలని రాసిన్రు, సగం మంది వద్దని రాసిన్రు. గింజలు తీపిచ్చి రాపిచ్చిన." చంకలోని గింజల సంచి విప్పి అతని ముందు చింతగింజలు పోసింది. తెల్లవీ నల్లవీ కలిసి బల్ల మీద దొర్లాయి.

"చూశానండి. మిగతావాళ్ళందరూ రోడ్డుకు జ్వరం వచ్చినట్టు రాశారు. ఈ ఒక్కరే ఎందుకిలా రాశారు? పదో తరగతి పిల్ల ఇంత బాగా రాయదు. ఎవరో రాసిచ్చుండాలి, లేకపోతే ఎవరో నేర్పుండాలి."

"నేర్పింది నేనే సార్."

"అయితే మీరెవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి."

బస్సులోంచి అందరూ తలలు బయటపెట్టి చూస్తున్నారు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి, రామ్‌సింగ్ చూపు చూసి చేతులు కట్టుకున్నాడు. పాల్వంచలో షిఫ్టు దిగి ఈ పాటికి నిద్రపోతూ ఉండే భర్త జస్టిన్ రిబ్కాకు గుర్తొచ్చాడు. ఆ అడవి బడి మనకొద్దే, అని అతను చెప్పని రోజు లేదు.

"ఈ నంబరు ఎవరిదో చెప్పండి," అన్నాడు గణేష్. అతని గొంతు పెరగలేదు. అందుకే భయమేసింది రిబ్కాకు. "పేరు చెబితే మీరు బస్సెక్కి పోవచ్చు. నేను వాళ్ళ ఊరికి వెళ్ళి మాట్లాడతాను."

ఊరికి వెళ్ళి మాట్లాడడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. జీపు వాగు దాటుతుంది. నాగలక్ష్మి తండ్రి బొజ్జయ్యను పోడు చేలోంచి నడిపించుకుని తెస్తారు. ఆడపిల్లకు చదువెందుకని గూడెమంతా అన్నా వినకుండా, గోచీ మీద తువ్వాలు చుట్టుకుని బడి దాకా నడిచొచ్చి పిల్లను అప్పగించిన మనిషి అతను. మా లచ్చికి ఇంగిలీసు రావాలె టీచరమ్మా, అన్నాడు. ఇంగ్లీషు వచ్చింది. అదిప్పుడు అతని పీకల మీదికి వచ్చింది.

"చెప్పను సార్," అంది రిబ్కా. "పరీక్ష రాసిన పిల్ల పేరు బయట చెప్పొద్దు."

"అయితే బడికే పోదాం. అందర్నీ వరుసలో నిలబెట్టి అడుగుదాం."

"నేనే రాసిన సార్."

నాగలక్ష్మి ఎప్పుడు బస్సు దిగిందో ఎవరూ చూడలేదు. యూనిఫాం చున్నీ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. చూపు మాత్రం ఎస్సై చేతిలోని కాగితం మీదే ఉంది. రిబ్కాకు ఆ పిల్లను చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది, కొంగు కింద దాచుకోవాలని కూడా అనిపించింది.

"నువ్వా? ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నావ్?"

"చెట్లకు కాగితాలుంటయి గద సార్. అవి సదివిన."

"అన్నలవా?"

"మీవి గూడ సదివిన సార్. మీ దాంట్ల అన్ని ఆర్డర్లే ఉంటయి. గందుకే గా తీరు రాయలే."

పొయ్యి దగ్గర రామ్‌సింగ్‌కు దగ్గొచ్చింది. నవ్వును అలా తిప్పుకున్నాడో ఏమో. గణేష్ నవ్వలేదు. తెల్ల కాగితం ఒకటి, పెన్ను ఒకటి బల్ల మీద పెట్టాడు.

"మీ టీచరుగారు ఇది ఉత్త పరీక్ష అంటున్నారు. సరే, నేనూ ఒక పరీక్ష పెడతాను. రోడ్డు కావాలని రాయి. ఇంతే బాగా రాయాలి. ఇది నీ మనసులో మాటైతే రెండో వైపు ఇలా రాయలేవు. రాయగలిగితే నమ్ముతాను."

నాగలక్ష్మి పెన్ను ముట్టుకోలేదు. బల్ల మీద గింజల్లోంచి ఒక తెల్లది ఏరి రిబ్కా చేతిలో పెట్టింది.

"మీరియ్యాలె టీచర్."

రిబ్కా ఆ గింజను తిరిగి ఆమె అరచేతిలో పెట్టింది. నాగలక్ష్మి గింజను ఎడమ చేతి గుప్పిట్లో బిగించుకుని, స్టూలు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది.

పిల్లలు పరీక్ష రాస్తుంటే నిలబడి చూడడం రిబ్కాకు రోజూ ఉండేదే. కానీ పెన్ను ఆగితే తన ఊపిరి ఆగుతుందన్నట్టు చూడడం అదే మొదలు. రెండు వాక్యాలు రాసి పిల్ల ఆగింది. ఆకాశం వంక చూసింది. రాయవే తల్లీ, అని రిబ్కా లోపల్లోపల మొరపెట్టుకుంది, ప్రభువును తలుచుకుంది. మళ్ళీ పెన్ను కదిలింది. ఈసారి ఆగలేదు.

గణేష్ కాగితం అందుకుని చదివాడు. మొదట మనసులో చదువుకున్నాడు, తర్వాత గొంతు తనంతట తానే పైకి వచ్చింది.

"'మా వదినకు నొప్పులు వచ్చాయి. నలుగురు మంచాన్ని ఎత్తుకున్నారు. వాగు దగ్గర మంచం దించారు. వాళ్ళు అలసిపోలేదు. కానీ ఆ మంచాన్ని మళ్ళీ ఆసుపత్రి వైపు ఎత్తలేదు. రోడ్డు వద్దనేవాళ్ళు ఎవరైనా సరే, ముందు వచ్చి ఆ మంచం కోడు ఒకటి పట్టుకోవాలి. వాగు దాకా మోయాలి. తర్వాత వద్దనాలి.'"

చదివి అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. రామ్‌సింగ్ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. రిబ్కా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన సంగతి ఆ పిల్ల ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. గెలిచాం, అనుకుంది రిబ్కా. ఆ సంతోషం ఎంతో సేపు నిలవలేదు.

"అద్భుతం!" అన్నాడు గణేష్. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. "నమ్మానమ్మా. నమ్మాను. ఇదిగో, ఇలాంటి పోస్టరు ఒక్కటి కూడా మా దగ్గర లేదు. దీన్ని తెలుగులో వేయిస్తాను. ఈ మంచం కోడు మాట పెద్దక్షరాలతో. అడవి పిల్లే అడుగుతోంది చూడండి అని ఊరూరా అంటిస్తాను. కింద నీ పేరు రాయి. ఊరి పేరు కూడా."

నాగలక్ష్మి పెన్ను తీసుకుంది. పెద్దవాళ్ళు రాయమంటే రాయడమే అలవాటు. కారం అన్న ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టింది.

రిబ్కా చేయి చాచి ఆ కాగితాన్ని కప్పేసింది.

"సార్, వద్దు."

"మేడం, ఇంకా ఏం భయం? పిల్ల పాసైంది."

"పాసైంది గనకనే వద్దు సార్." మొదటి కాగితం ఈ పిల్లను క్యాంపుకు తెచ్చింది. ఈ రెండోది పేరుతో సహా చెట్టుకెక్కితే అడవిలోకి, అన్నల ముందుకు పిలిపిస్తుంది. మంచం కోడు పట్టుకోమన్నది ఎవరినో అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకరోజు పొద్దుగూకేవేళ ఎవరో వచ్చి, బొజ్జయ్యా, నీ బిడ్డను ఒకసారి మాట్లాడనీకి పంపు, అంటారు. అలా మాట్లాడడానికి పోయినవాళ్ళను ఆమె ఎరుగును. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఇదంతా పోలీసు మొహం మీద ఎలా చెప్పాలి? ఎదుటివాణ్ణి ఒప్పించడం ఎలాగో ఏడాదంతా నల్లబల్ల మీద రాసి చెప్పిన మనిషికి ఇప్పుడు ఒక్క వాక్యం దొరకలేదు. కట్టలో వెతికి ఇంకో కాగితం తీసింది.

"ఇది సదువుర్రి సార్. గీ పిల్లదే. పద్యం జవాబు."

పైన పద్యం ఉంది. చేలో నిలబెట్టిన బెదురుబొమ్మ మాటలు అవి. యజమాని తన పాత చొక్కా నాకు తొడిగాడు. తన తలగుడ్డ నాకు చుట్టాడు. చేను నాకు అప్పగించి ఇంటికి పోయాడు. పిట్టలు నన్ను చూసి అతననుకున్నాయి. గాలివాన కూడా నన్ను చూసి అతననుకుంది. కింద ప్రశ్న: మాట్లాడుతున్నది ఎవరు? అందరూ కవి అనో, రైతు అనో రాశారు. నాగలక్ష్మి మాత్రం, మాట్లాడుతున్నది బొమ్మ, యజమాని ఇంట్లో తడవకుండా ఉన్నాడు, అని రాసింది.

గణేష్ చదివాడు. తలెత్తి చూశాడు.

"మీ పోస్టర్ల చొక్కా మీది సార్, తొడుక్కునే బొమ్మ మాత్రం గీ పిల్ల," అంది రిబ్కా. "వానొస్తే మీరు టెంట్లకు పోతరు. ఇది చేన్ల నిలబడాలె."

"అంటే నేను పిల్లను అడ్డం పెట్టుకుంటున్నానంటారా?" అతని మొహం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నా మనుషులు ఆ కల్వర్టు మీద..." అని ఆగిపోయాడు. రామ్‌సింగ్ తల దించుకున్నాడు.

"మిమ్మల్నొక్కరినే అంటలేను సార్. గా జీపు మాట పక్కన వెరీ గుడ్ అని రాసి, కట్టల పెట్టుకోని, గీ రోడ్డు మీద బస్సెక్కింది నేను. నేను గూడ దీనికి చొక్కా తొడిగిన. నాకిప్పుడు తెలుస్తుంది."

గిన్నెలో నీళ్ళు ఇంకా కాగనే లేదు. గణేష్ రెండు ఉత్తరాలూ చెరో చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఒకదాన్ని పైకి పంపితే అతనికి మెప్పు, రెండోదాన్ని గోడకెక్కిస్తే ఇంకా మెప్పు. అంత ఇంగ్లీషు చదివిన మనిషి, ఆ క్షణంలో ఏం చదువుకున్నాడో అతనికే తెలియాలి.

"నువ్వు చెప్పు," అన్నాడు నాగలక్ష్మితో. "నీకు నిజంగా రోడ్డు కావాలా, వద్దా?"

"పరీక్షకు అడుగుతున్నరా సార్, ఉత్తగ అడుగుతున్నరా?"

"ఉత్తగానే."

ఆ పిల్ల గుప్పిట విప్పి తెల్లగింజ వంక చూసుకుంది.

"ఉత్తగ ఇప్పటిదాంక ఎవ్వరడగలే సార్," అంది. "గింజ లేకుంట ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు."

గణేష్ రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మడిచాడు. "రామ్‌సింగ్, ఆ పొయ్యి మండట్లేదు," అని అతని చేతికిచ్చాడు.

రామ్‌సింగ్ వాటిని ఒక్కొక్కటిగా వేయలేదు, రెండూ కలిపే వేశాడు. రెండూ కలిసే కాలాయి. నాగలక్ష్మి చివరిదాకా చూసింది. రిబ్కా చూడలేకపోయింది. దయతలచి విడిచిపెట్టిన మనిషికి దండం పెట్టాలో, అంత చక్కటి రాతను టీ గిన్నె కింద పెట్టినందుకు తిట్టాలో తెలియక, బల్ల మీది గింజలను సంచిలోకి ఊడ్చుకుంది.

"వెళ్ళండి," అన్నాడు గణేష్ వెనక్కి తిరగకుండా. "ఈ బస్సులో నేనేమీ చూడలేదు."

* * *

బస్సు దుమ్ముగూడెం దాటింది. గోదావరి గాలి మొహానికి తగిలాక అప్పుడు గుర్తొచ్చింది రిబ్కాకు, కట్టలో నాగలక్ష్మి ఉత్తరం లేదు. పద్యం జవాబు ఒక్కటే ఉంది. సీలు విప్పింది పోలీసులంటే ఖమ్మంలో ఒప్పుకుంటారు, ఉత్తరం లేని పేపరును మాత్రం ముట్టుకోరు. బొమ్మ మాట్లాడుతోందని అందరిలోకీ సరిగ్గా చెప్పిన పిల్ల ఉత్తరం లేక ఓడిపోతే, క్యాంపులో పడ్డ యాతనంతా దండగ. ఏదో ఒకటి, బొటాబొటి మార్కులు వచ్చేది రాసినా పాల్వంచ సీటు ఆమెదే.

పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తెల్ల కాగితం, అట్ట, పెన్ను ఇచ్చింది.

"మల్ల రాయాలె లక్ష్మీ. కాలిపోయింది గద."

"అవ్ టీచర్." గింజ కోసం చేయి చాపింది.

రిబ్కా సంచిలో చేయి పెట్టింది. తెల్లది తగిలిందో నల్లది తగిలిందో వేళ్ళకు తెలియలేదు. ఏది ఇవ్వడానికీ చేయి రాలేదు. ఖాళీ చేయే బయటికి తీసింది.

"నీకు ఎట్ల తోస్తే గట్ల రాయి బిడ్డా."

నాగలక్ష్మి ఆమె మొహంలోకి చూసింది. వెనక రోడ్డు వైపు, క్యాంపు ఉన్న వైపు ఒకసారి చూసింది. తర్వాత కాగితం మీదికి వంగింది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతుంటే ఆగి, సరిచేసుకుని రాసింది. ఈసారి ఆకాశం వంక చూడలేదు. పెదవి కొరుక్కోలేదు. గబగబా రాసి ఇచ్చేసింది.

రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ నో రోడ్, ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ మీ వన్ రోడ్. థాంకింగ్ యూ సర్. యువర్స్ ఒబీడియెంట్లీ.

రిబ్కా మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ చదివింది. లారీ లేదు, జీపు లేదు, మంచం లేదు, వదిన లేదు. కమిటీ కూడా లేదు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

"మంచిగనే ఉన్నదా టీచర్?" నాగలక్ష్మి ఆమె ఎర్ర పెన్ను వైపు చూస్తూ అడిగింది. "గిట్ల రాస్తే ఎవ్వరేమనరు గద?"

"ఎవ్వరేమనరు బిడ్డా," అంది రిబ్కా.

పాసు మార్కులు వేసి, కాగితాన్ని కట్ట మధ్యలో పెట్టి దారం కట్టింది. ఇన్నేళ్ళూ ఇంగ్లీషు నేర్పింది ఈ మాట చెప్పడానికేనా అనిపించి, పిల్లలు చూడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.